తెలిసిన డౌటు

అమ్మ ఎంతసేపట్లో వస్తుందని రుచిత అడిగింది. లెపర్డ్స్‌టౌన్‌లోని ఆఫీసు నుంచి ఇక్కడికి, నేస్‌కి, మామూలుగా ముప్పావుగంట, ఈ వానలో గంట అనుకోమని చెప్పింది ప్రభావతి. చెప్పాక గోడ గడియారం వైపు చూసింది. పదకొండు దాటి అయిదు నిమిషాలు. ఇరవై ఏళ్లకు పైగా కెమిస్ట్రీ చెప్పిన మనిషికి గంట అంటే ఏమిటో బాగా తెలుసు. అందులో ఎంత పాఠం పడుతుందో, ఏ నిమిషానికి వెనక బెంచీలో మొదటి ఆవలింత మొదలవుతుందో కూడా తెలుసు. కానీ పాఠం లేని గంట, పదహారేళ్ల పిల్ల పక్కన ఊరికే కూర్చోవాల్సిన గంట ఇంతవరకు ఆమె చేతికి రాలేదు. స్కూలు ఆఫీసు పక్కనున్న ఈ చిన్న గదికి పేరు లేదు. ఒక సోఫా, రెండు కుర్చీలు, మూలన చెక్క ప్రెస్. ప్రెస్ అంటే ఇక్కడ బీరువా అని తెలియక, ఈ దేశం వచ్చిన మొదటి వారం ఇంటి ఓనరు దుప్పట్లు ప్రెస్‌లో ఉన్నాయంటే ఇస్త్రీకి ఇచ్చారేమో అనుకుని రెండు రోజులు ఎదురుచూసింది. ఈ సంగతి చెప్తే రుచిత నవ్వుతుందా? నవ్వించాల్సిన సమయమేనా ఇది? ఏమో. పిల్ల సోఫా చివర మోకాళ్లు దగ్గరికి లాక్కుని హాట్ చాక్లెట్ కప్పు రెండు చేతులతో పట్టుకుంది. తాగడం లేదు. మీద మీగడ కడుతుంటే దాన్నే చూస్తోంది. ఏం చూస్తోంది అందులో? ఈ పిల్ల లోపల ఇప్పుడు ఏం నడుస్తోంది? అడగాల్సిన పెద్ద ప్రశ్న ఇందాక అడిగేసింది. అయినా ప్రభావతికి ఇంకా తెలుసుకోవాలనే ఉంది. భయం ఉంది, ఆ భయం పక్కనే, కొంచెం సిగ్గుపడేటంత కుతూహలం కూడా ఉంది.

పొద్దున రెండు పీరియడ్లు కలిపి ఫిఫ్త్ ఇయర్ వాళ్లకి, మన లెక్కలో ఇంటర్ ఈడు పిల్లలకి, ల్యాబ్. జనవరిలో జరిగే సైన్స్ ఎగ్జిబిషన్‌కి ఇద్దరిద్దరుగా ప్రాజెక్టులు చేస్తున్నారు. రుచిత, తన్వి ఇద్దరూ లిఫీ నది నీళ్లలో నైట్రేట్ల మీద పని పెట్టుకున్నారు. ఎవరు ఏ వారం ఏం చేయాలో రాసిన కాగితం తెచ్చిచ్చారు. అక్టోబరులో రుచిత, నవంబరులో రుచిత, తన్వి. డిసెంబరు నుంచి అన్ని గడుల్లోనూ తన్వి. అక్కడ ముందు రుచిత పేరే ఉండేది, రబ్బరుతో చెరిపిన మసక ఇంకా ఉంది. శ్రద్ధగా, కాగితం చిరగకుండా చెరిపారు. తన్వి చెరిపి ఉంటే ఇంత నీట్‌గా ఉండదు. గత వారం ల్యాబ్ కోటు ఉతికి తెచ్చిచ్చింది రుచిత, టర్మ్ మధ్యలో ఎవరూ ఇవ్వరు. అరువు తీసుకున్న రెండు పుస్తకాలూ టేబుల్ మీద పెట్టి వెళ్లింది. మంచి పిల్ల, పద్ధతిగల పిల్ల అనుకుంది అప్పుడు. ఎవరైనా అలాగే అనుకుంటారు. కానీ ఈ చెరిపిన మసక ఆమె కంట్లో నలుసులా పడింది. పీరియడ్ అయ్యాక బీకర్లు కడగడానికి కాస్త ఆగమంది. సింకు దగ్గర ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు. ఎదురెదురుగా కంటే పక్కపక్కనే మాటలు తేలిగ్గా వస్తాయని ఆమెకి ఎవరూ చెప్పలేదు, పిల్లల్ని చూసి చూసి తెలుసుకుంది. జనవరిలో నీ పేరెందుకు లేదని అడిగింది. జస్ట్ ఇన్ కేస్, మిస్, అంది రుచిత. దేనికోసం అని మళ్లీ అడిగింది. కొళాయి నీళ్లు కారుతూనే ఉన్నాయి. పిల్ల ఒక బీకరునే మూడోసారి కడుగుతోంది. అప్పుడు ప్రభావతి ఇంగ్లిష్‌లో, పాఠం చెప్పే గొంతుతోనే, చచ్చిపోవాలని ఆలోచిస్తున్నావా రుచితా అని అడిగింది. ఆ పిల్ల తల తిప్పలేదు. కొళాయి కట్టేసింది. అప్పుడప్పుడు అంది. కడిగిన బీకరు బోర్లించి, ఈ వారం ఎక్కువగా అంది. ఆ మాటతో దాని భుజాలు రెండూ ఒక్కసారిగా కిందికి దిగాయి. అంతసేపూ అవి పైకి బిగిసి ఉన్నాయని దిగినప్పుడే తెలిసింది.

ఆ మాట ఆమె తెలుగులో అడగగలిగేదా? ఇదే ఇందాకటి నుంచి ఆలోచిస్తోంది. తెలుగులో చావుని ఎంత చవగ్గా వాడేస్తాం. ఈ ఎండకి చచ్చిపోతున్నా, ఈ ట్రాఫిక్‌లో చచ్చాం, నవ్వలేక చచ్చాను, చంపకే బాబూ, నీతో చస్తున్నానే. అన్నం తింటూ అంటాం, తలదువ్వుతూ అంటాం, పిల్లల్ని ముద్దాడుతూ కూడా అంటాం. ఇన్నిసార్లు ఉత్తినే అన్న మాటని ఒకరు నిజంగా అంటే ఏ చెవి పట్టుకుంటుంది? పోనీ ఆత్మహత్య అందామా అంటే అది పేపరు మాట. ఇంట్లో ఎవరి నోటా రాదు. రెండేళ్ల కిందట టీచర్లందరికీ ఊళ్లోని ఒక హోటల్లో ఒక రోజంతా శిక్షణ ఇచ్చారు. నేర్పడానికి వచ్చినామె ఒకప్పుడు నర్సు. బుగ్గలు ఎర్రగా, చేతులు పెద్దవిగా, పొలం పని చేసే మనిషిలా ఉంది. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని భయపడకండి, అలా పుట్టదు, అడగడం వల్ల ఆ పిల్లకి ఊపిరి ఆడుతుంది అని చెప్పింది. తర్వాత ఇద్దరిద్దర్ని కూర్చోబెట్టి, ఆ ప్రశ్నని పైకి అనమంది. దాచిపెట్టి, చుట్టూ తిప్పి కాదు, ఉన్నదున్నట్టు. ఆమెకి జోడీగా పడిన, వడ్రంగం చెప్పే ఆరడుగుల మనిషి నోరు తెరవలేక టై సర్దుకున్నాడు. ప్రభావతికీ ఆ మాట ఇంగ్లిష్‌లో రాలేదు, ముందు తెలుగులోనే నోట్లో గొణుక్కుంది. అదేమిటన్నాడు అతను. నా భాషలో అడిగానంది. జవాబు మీ భాషలోనే చెప్పనా అన్నాడు. ఇద్దరూ నవ్వారు. నవ్వాక అడగడం వచ్చింది. అందరూ ఆ మాట అయిదేసిసార్లు అన్నారు. అంతమంది పెద్దవాళ్లు జీవితంలో మొదటిసారి ఆ మాట పలికారు.

"మీకెలా తెలిసింది, మిస్?" అంది రుచిత ఉన్నట్టుండి. ఇంగ్లిష్‌లోనే, ఇక్కడి పిల్లల యాసలో. స్కూల్లో మిస్ అంటుంది, ఉగాదికి కమ్యూనిటీ హాల్లో కలిస్తే ఆంటీ అంటుంది.

"తెలియదమ్మా," అంది ప్రభావతి తెలుగులో. "తెలియకే అడిగాను."

రుచిత ఆ మాటని కాసేపు అటూ ఇటూ తిప్పి చూసుకున్నట్టుంది. మీకు భయం వేసిందా అని అడిగింది. వేసింది, ఇంకా కొంచెం వేస్తోంది అని నిజమే చెప్పింది ప్రభావతి. ఆ జవాబు పిల్లకి నచ్చినట్టుంది. మీగడ వేలితో తీసి కప్పు అంచుకి రాసి, ఒక గుక్క తాగింది.

తెలియకే అడిగాను. మరి తెలిసినప్పుడు ఎందుకు అడగలేదు? విజయవాడలో, ఆమె తొమ్మిదేళ్లు పనిచేసిన ఇంటర్ కాలేజీలో, అభినవ్ అనే కుర్రాడుండేవాడు. హాస్టలు కుర్రాడు, సీనియర్ ఇంటర్. సన్నగా, మోచేతులు ఎప్పుడూ బల్ల అంచు మీద ఆనించి. ఒకరోజు ఉదయం స్టడీ అవర్లో ఆమె టేబుల్ దగ్గరికి పుస్తకం పట్టుకుని వచ్చాడు. డౌటు మేడం, అన్నాడు. మోల్ అంటే ఏమిటని అడిగాడు. మోల్! మొదటి చాప్టరు, మొదటి పేజీ. వీక్లీ టెస్టుల్లో ఆ సెక్షన్‌కి ఫస్టు వచ్చే కుర్రాడు. ఇది నీకు తెలుసు కదరా అంది. తెలుసు మేడం, ఒకసారి చెప్పండి అని నవ్వాడు. ఆమె చెప్పింది. రెండే నిమిషాలు. ముందున్న మార్కుల షీటు తొమ్మిదింటికల్లా ప్రిన్సిపల్‌కి పంపాలి, పెన్ను మూత కూడా పెట్టలేదు. థాంక్యూ మేడం అని వెళ్లిపోయాడు. మూడో రోజుకి అతను లేడు. కాలేజీ ఆ సెక్షన్‌కి ఒక్క పూట సెలవిచ్చింది, మర్నాడు మళ్లీ స్టడీ అవర్. హాజరు పిలిచేటప్పుడు ఆ నంబరు దాటేసి పిలవమన్నారు. పిల్లలతో దాని గురించి మాట్లాడొద్దని చెప్పారు. ఆమె దాటేసి పిలిచింది, మాట్లాడలేదు. అక్కడే ఇంకో రెండేళ్లు ఉద్యోగం కూడా చేసింది. ఆ సంగతి ఎవరికి చెప్పినా ఈ చివరి ముక్క మింగేసేది. తప్పు చేశానా అని ఆలోచించి ఆలోచించి ఆ ఆలోచన అరిగిపోయింది. అరగనిది ఒక్కటే. తెలిసిన డౌటు ఎందుకు అడిగాడు? పక్కనున్న కుర్చీ లాగి, ఏరా, నిజంగా ఏం అడగడానికి వచ్చావు అని ఉంటే ఏం చెప్పేవాడు? ఏమీ చెప్పకపోవచ్చు. చెప్పినా ఆపగలిగేది కాకపోవచ్చు. ఆ లెక్క ఆమె వేయదు, వేస్తే వచ్చే జవాబు ఎవరికీ తెలియదు. కానీ ఒక పిల్లవాడు నడిచొచ్చి, తనకి తెలిసిన దాన్ని చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. దాని వెనక ఏముందో చూడాలనిపించకపోవడం ఎలా జరిగింది, మూలకాల పట్టికలో ప్రతి గడికీ ఎందుకు ఎందుకు అని ప్రాణం తీసే తనకి? ఇదిగో, మళ్లీ ప్రాణం తీయడం. భాష వదలదు.

రుచిత కిటికీలోంచి ఆటస్థలం చూస్తోంది. వానలో ఎవరూ లేరు. గోల్ వల తడిసి వేలాడుతోంది. ఇందాక సింకు దగ్గర మొదలైన మాటలు ఈ గదిలోకి వచ్చాక కొంచెం కొంచెంగా సాగాయి. ఎవరికీ చెప్పనని ఒట్టు పెట్టమంది ముందు. పెట్టలేనంది ప్రభావతి. ఎవరెవరికి చెప్తానో ముందు నీకు చెప్పే చెప్తానంది. ఎప్పుడు, ఎలా అన్న ఆలోచన ఏమైనా ఉందా అని కూడా అడగమని నేర్పారు కాబట్టి అడిగింది. విన్నది డిప్యూటీ ప్రిన్సిపల్ మిసెస్ డోలన్‌కి చెప్పింది. పిల్ల తల్లి పద్మినికీ చెప్పాలి, ఇంట్లో దేన్ని జాగ్రత్త చేయాలో ఆమెకే తెలియాలి. ఇదంతా పద్ధతి ప్రకారమే చేసింది. పద్ధతి అయిపోయాక మిగిలిన పిల్ల మాత్రం ఏ పద్ధతిలోనూ ఇమడడం లేదు. కారణం ఏమిటంటే రుచితకే తెలియదు. మార్కులు బాగానే ఉన్నాయి. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. లీజులు అయిపోయి అయిదేళ్లలో మూడు ఇళ్లు మారారు, మూడో స్కూలు ఇది. నాన్న అనంతరామ్ ఎక్కడో దూరంగా రింగాస్కిడీలో మందుల ఫ్యాక్టరీలో చేస్తాడు, శుక్రవారం వస్తాడు, ఆదివారం వెళ్తాడు. కానీ ఇవేవీ కారణాలు కావు మిస్, అంది. అందరూ అద్దం అవతల ఉన్నట్టుంటుంది, వాళ్ల మాటలు వినబడతాయి, నేను అద్దం మీద కొడితే మాత్రం వాళ్లకి వినబడదు అంది. కొట్టి చూశావా అని అడిగింది ప్రభావతి. పిల్ల ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది, కనుబొమలు దగ్గరికి తెచ్చి, లెక్క చేసేటప్పుడు తెచ్చినట్టు. కొట్టలేదేమో అంది. వినబడదని ముందే అనుకున్నానేమో. ఎలా ఉన్నావని అందరూ అడుగుతారు, ఐయామ్ గ్రాండ్ అంటాను, ఓకే గ్రాండ్ అంటారు. గ్రాండ్! ఈ మాట మొదట విన్నప్పుడు ప్రభావతి ఏదో పెద్ద సంబరం అనుకుంది. తర్వాత తెలిసింది, ఇక్కడ దానికి పర్వాలేదు అని, చాలు ఇక అడక్కు అని అర్థాలున్నాయి. బాగున్నారా, బాగున్నాం అనుకునే మనకీ అంతే. మూసిన తలుపుల మీద అందమైన తోరణాలు. ఇంతకాలం ఆ తోరణం చూసి ఎన్ని గుమ్మాల ముందు నుంచి వెళ్లిపోయిందో.

మిసెస్ డోలన్ తలుపు కొంచెం తెరిచి తొంగి చూసింది. పొట్టి మనిషి, ఎప్పుడూ నడుస్తూనే మాట్లాడే మనిషి, ఇవాళ మాత్రం ఆగి నిలబడి మాట్లాడింది. మధ్యాహ్నం రెండింటికి జీపీ దగ్గర, అంటే వాళ్ల ఇంటి డాక్టరు దగ్గర, అపాయింట్‌మెంట్ దొరికిందట. స్కూలు కౌన్సెలర్ వారంలో మూడు రోజులే వస్తుంది, ఇవాళ గురువారం, ఆమె రోజు కాదు, ఫోన్ చేస్తే సోమవారం మొదటి పీరియడే రుచితకి ఇస్తానందట. పిల్లల మానసిక వైద్యుల దగ్గర వరస మాత్రం పెద్దదే, అత్యవసరమని రాయమని జీపీకి తనే చెప్తుందట. ఇక్కడా అన్నీ అమర్చి పెట్టి లేవు, ఒకళ్లు ఒక కొస పట్టుకుంటే ఇంకొకళ్లు ఇంకో కొస వెతకాలి. నీ సెకండ్ ఇయర్ క్లాసు నేను చూస్తాను, నువ్వు ఇక్కడే ఉండు అంది ప్రభావతితో. రుచిత వైపు తిరిగి, చెప్పడం చాలా కష్టమైన పని, చేశావు అంది. అమ్మ మోటర్‌వే దిగిందట అని కూడా చెప్పి, తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్లింది.

ఆ మాట వినగానే రుచిత కప్పు కింద పెట్టి, స్వెటర్ చేతులు లాక్కుని అరచేతులు దాచుకుంది. పద్మినిని ప్రభావతి ఎరుగును. కరీంనగర్ మనిషి, గలగలా మాట్లాడుతుంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, వారమంతా ఒక్కతే ఇల్లు ఈదుతూ, వినాయక చవితికి నలభై మందికి పులిహోర చేసి తెస్తుంది. ఆమె ఏమంటుంది? నా బిడ్డ మీద ఇంత మాట ఎట్లా అంటావంటుందా? నలుగురికీ తెలిస్తే అంటుందా? ఇక ముందు కమ్యూనిటీ హాల్లో కనబడితే మొహం తిప్పుకుంటుందా? తిప్పుకోనీ. అదేం పెద్ద సంగతి కాదు. కానీ వస్తూనే పిల్ల మీద విరుచుకుపడితే? ఏం తక్కువ చేశామని ఏడిస్తే? అప్పుడీ పిల్ల మళ్లీ గ్రాండ్ అనేస్తుంది, ఇక ఎన్నేళ్లకి తెరుచుకుంటుందో. అమ్మకి ఎవరు చెప్పాలి, నువ్వా నేనా అని అడిగింది. మొదటి ముక్క మీరు చెప్పండి మిస్, తర్వాతది చూస్తాను అంది రుచిత. ఆ ముక్క ఏమిటో కూడా ఇద్దరూ కలిసి అనుకున్నారు. రెండుసార్లు మార్చారు. పరీక్షకి ముందు ఒకరికొకరు అప్పజెప్పించుకునే స్నేహితుల్లా.

పద్మిని తడిసిన కోటుతో వచ్చింది. ఆఫీసు బ్యాడ్జీ మెళ్లోనే ఉంది. తలుపు దగ్గరే ఆగి, ముందు కూతుర్ని తల నుంచి కాళ్లదాకా చూసింది. ఎక్కడైనా కట్టు ఉందేమో, రక్తం ఉందేమో వెతుకుతున్న చూపు.

"ఏమైందక్కా? దెబ్బ తాకిందా?"

ప్రభావతి ఆమెని కుర్చీలో కూర్చోబెట్టి, అనుకున్న ముక్క అనుకున్నట్టే చెప్పింది. రుచితకి కొంతకాలంగా బతకాలని లేదనిపిస్తోంది, ఇవాళ ఆ సంగతి ధైర్యం చేసి మనకి చెప్పింది, ఇప్పుడు క్షేమంగా ఉంది, మనం సాయం చేయాలి. పద్మిని వింది. మొహంలో ఏమీ కదల్లేదు. అర్థం కానట్టు ప్రభావతి పెదాల వైపే చూసింది. నిన్న నా పక్కన కూసొని రెండు దోసెలు తిన్నదక్కా అంది మెల్లగా. ఇంకో చట్నీ అడిగింది కూడా అంది. ఏం తక్కువ చేసినం అని మొదలుపెట్టబోయింది. రుచిత తల ఇంకా కిందికి దిగడం ప్రభావతి చూసింది. చెయ్యి చాచి పద్మిని ముంజేతి మీద వేసింది.

"ఎవరిది తప్పో తర్వాత వెతుకుదాం పద్మినీ. ముందు దాన్ని అడుగు."

"ఏమని అడగాలె?"

"నీకు ఏం తెలుసుకోవాలని ఉందో, అదే."

పద్మిని కూతురి వైపు తిరిగింది. ఆ కొద్ది సేపట్లో ఆమె మొహం మీద ఎన్ని మాటలు వచ్చి వెనక్కి వెళ్లాయో ప్రభావతి లెక్కపెట్టలేకపోయింది. ఎందుకు అనేది వచ్చింది, వెళ్లింది. నాకెందుకు చెప్పలేదనేది పెదవి దాకా వచ్చి వెళ్లింది. కోపం, భయం, నిన్నటి దోసెలు, మోటర్‌వే మీద గంట. చివరికి కోటు జేబులో తాళాలు గుప్పిట పట్టుకుని, ఎప్పుడూ లేనంత చిన్న గొంతుతో అడిగింది.

"ఎప్పటిసంది బిడ్డా?"

రుచిత తలెత్తింది. ఆ ప్రశ్న వస్తుందని అనుకోలేదు కాబోలు, ఒక క్షణం ప్రభావతి వైపు చూసింది, మళ్లీ తల్లి వైపు. "సిన్స్ ద సమ్మర్, అమ్మా," అంది. ఆగింది. "బిఫోర్ దట్, మేబీ." అక్కడి నుంచి మొదలుపెట్టింది. పాత ఇంటి నుంచి సామాన్లు సర్దుతున్న రోజు, అట్టపెట్టెల మధ్య కూర్చుని ఉన్నప్పుడు మొదటిసారి ఎలా అనిపించిందో చెప్తుండగా భోజనాల గంట మోగింది. తలుపు బయట వరండాలోకి వందలమంది పిల్లలు ఒక్కసారిగా పడ్డారు. బూట్లు, అరుపులు, బ్యాగుల చప్పుడు. గదిలో ఏమీ వినపడడం లేదు. పిల్ల ఇక్కడ ఆపేస్తుందనుకుంది ప్రభావతి. రుచిత ఆపలేదు. గొంతు కాస్త పెంచింది. పద్మిని కుర్చీని రెండు చేతులతో పట్టుకుని లేవకుండానే ముందుకి జరిపింది, ఇంకోసారి జరిపింది, మోకాళ్లు కూతురి మోకాళ్లకి ఆనేదాకా జరిపి, వినడానికి తల వంచింది.